‘నల్లపులి’ ఏ జంతువు? ‘మాయపులి’ అనొచ్చా?

సీతమ్మధార (చర్చ మొదలుపెట్టినవారు):

సభ్యులందరికీ నమస్కారం. ఒక పిల్లల పత్రికకి వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

వ్యాసం విషయం ఇది. కొన్ని జంతువుల్ని జనం చూశామని గట్టిగా చెప్తారు. అవి బోనులో పడవు, ఫొటోలో సరిగ్గా కనబడవు, చచ్చి కూడా దొరకవు. ఇలాంటి పులుల కథలు ప్రపంచమంతా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ బీడు భూముల్లో బాడ్మిన్ మృగం, కెన్యాలో అబర్డేర్ కొండల మీద చుక్కల సింహం, మెక్సికోలో ఓంజా, చైనాలో ఫుజియన్ అడవుల్లో నీలి పులి, మనకి దగ్గర్లో పడమటి కనుమల్లో పొగయన్. వీటన్నిటినీ కలిపి చెప్పడానికి తెలుగులో ఏమనాలి?

ఇంగ్లీషువాళ్ళు ‘బిగ్ క్యాట్’ అని తేలిగ్గా అనేస్తారు. ‘పెద్ద పిల్లి’ అని రాస్తే మన పిల్లలకి గండుపిల్లే గుర్తొస్తుంది. పులీ పిల్లీ ఒకే కుటుంబమని సైన్సు పుస్తకంలో చదువుకుంటాం గానీ, మాటల్లో మనం పులిని పిల్లి అనం. ‘మార్జాల జాతి’ అంటే పరీక్ష పేపరులా ఉంటుంది. స్నేహితులని అడిగితే ఎక్కువమంది ‘మాయపులి’ అన్నారు. వినడానికి బాగుంది. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

మన భాషలో ‘మాయ’ జంతువు పేరు ముందు చేరితే దాని అర్థం స్థిరపడిపోయింది. మాయలేడి అంటే మారీచుడు. అక్కడ లేడి అనేదే లేదు. లేడి రూపం వేసుకున్నవాడు ఉన్నాడు, వాడికి మోసం చేసే ఉద్దేశం ఉంది. ఆ లెక్కన మాయపులి అంటే పులి వేషంలో ఉన్న ఇంకెవరో అని అర్థం వస్తుంది. కార్న్‌వాల్ రైతు పొద్దున్నే పొలంలో నల్లటి జంతువుని చూసి ఫోన్ చేస్తే దాన్ని మాయ అనలేం. అక్కడ ఏదో జంతువు ఉండే ఉంటుంది. అది ఏమిటనేదే తేలలేదు.

ఇంకో చిక్కు, ‘పులి’ అన్న మాటతోనే ఉంది. అది చాలా వెడల్పాటి మాట. పెద్దపులినీ పులి అంటాం, చిరుతపులినీ పులి అంటాం. మీ ఊళ్ళో ఉత్తగా ‘పులి వచ్చింది’ అంటే దేన్నని అనుకుంటారు? చారలదాన్నా, మచ్చలదాన్నా?

మధురవాడ:

మేడమ్, మా వైపు ఉత్తగా పులి అంటే చిరుతే. విశాఖలో కంబాలకొండ అడవి పక్కనే ఉంటాం కదా. అడవిలో చిరుతలున్నాయని అటవీశాఖవాళ్ళే చెప్తారు. చారల పులిని చెప్పాలంటే ‘పెద్దపులి’ అని పూర్తిగా అంటాం. జూ పార్కులో ఉన్నదాన్నయితే పిల్లలు ‘టైగర్’ అనేస్తారు.

మీరు ‘నల్లపులి’ గురించి కూడా శీర్షికలో పెట్టారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి అదే మాటతో వాయిస్ మెసేజ్ తిరిగింది. రెండ్రోజులు అందరికీ టెన్షన్, పిల్లల్ని సాయంత్రం కిందకి పంపలేదు. ఆ జంతువు ఏమిటో చివరికి ఎవరూ చెప్పలేదు. నల్లపులి, నల్లచిరుత ఒకటేనా?

సీతమ్మధార:

ఒకటి కాదండీ. మన ప్రాంతం వాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలని నాకు బాగా పట్టుదల. కొంచెం పొడుగ్గా రాస్తాను.

నల్లచిరుత అంటే మామూలు చిరుతే. ఒళ్ళంతా నలుపెక్కి పుడుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ లక్షణం వస్తేనే పిల్ల నల్లగా పుడుతుంది. అదే కాన్పులో మామూలు పసుపు పిల్లలు కూడా ఉండొచ్చు. ఎండ ఏటవాలుగా పడితే నలుపు కింద మచ్చలు కనిపిస్తాయి. కర్ణాటకలో కబిని అడవిలో ఫొటోలు తీసుకునేవాళ్ళు రోజుల తరబడి కాచుకునేది దీనికోసమే.

నల్లపులి వేరు. అది మనకి దగ్గర్లోనే, ఒడిశాలోని సిమిలిపాల్‌లో ఉంది. అది పెద్దపులే. దాని నల్ల చారలు వెడల్పయి ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి, మధ్యలో పసుపు సన్నగా మిగులుతుంది. ఆ అడవిలో నల్ల పెద్దపులులున్నాయని అక్కడివాళ్ళు ఎన్నో ఏళ్ళు చెప్పారు. బయటివాళ్ళు చాలామంది నమ్మలేదు. 2021లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్తలు దాని కారణం బయటపెట్టారు. టాక్‌పెప్ అనే ఒకే ఒక జన్యువులో మార్పు.

ఆ జన్యువు కథ ఇక్కడితో ఆగదు. 1926లో ఆఫ్రికాలో, అప్పటి రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే), మచ్చలకి బదులు వెడల్పాటి పట్టీలున్న ఒక చీతా తోలు దొరికింది. అలాంటి జంతువుని అక్కడివాళ్ళు అంతకుముందు నుంచే ‘న్సుయిఫిసి’ అనేవారు. చిరుత, దుమ్ములగొండి అనే రెండు పేర్లు కలిపిన మాట అది. రెండిటికీ పుట్టిన సంకరమని వాళ్ళు అనుకున్నారు. 1927లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని కొత్త జాతిగా ప్రకటించి ‘రాజ చీతా’ పేరు ఖాయం చేశాడు. 1981లో దక్షిణాఫ్రికాలోని ఒక పెంపక కేంద్రంలో మామూలు మచ్చల తల్లికి అలాంటి పిల్ల పుట్టింది. వేరే జాతి కాదని అప్పుడు తేలింది. 2012లో కారణం కూడా దొరికింది. అదే టాక్‌పెప్. మన వీధుల్లో తిరిగే కొన్ని పిల్లుల ఒంటి మీద సుడులు తిరిగిన పట్టీలకి కూడా ఆ జన్యువే కారణం.

సిమిలిపాల్ పులికీ, ఆఫ్రికా చీతాకీ, వీధి పిల్లికీ ఒకే జన్యువు. రెండు చోట్లా ముందు చూసింది అడవి పక్కన ఉన్నవాళ్ళు. వాళ్ళ మాట మీద గౌరవం ఉన్నవాళ్ళెవరూ దాన్ని ‘మాయ’ అనే సంచిలో వెయ్యరు. నేను ‘మాయపులి’ వద్దంటున్నది ఇందుకే.

వాట్సాప్‌లో నల్లపులి అని వచ్చినప్పుడు మనం ముందు అడగాల్సింది ‘నల్లచిరుతనా, నల్ల పెద్దపులినా’ అని. మన కొండల్లో మొదటిది జరగగలదు. రెండోది సిమిలిపాల్ దాటి వస్తే దేశమంతా మాట్లాడుకుంటుంది.

గోపాలపట్నం:

పులి అంటే చారలదే అని సామెతే చెప్తుంది కదండీ. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. వాత పడితే గీత వస్తుంది, చుక్క రాదు. ఆ సామెత పుట్టించినవాళ్ళ మనసులో ఉన్నది పెద్దపులే.

సీతమ్మధార:

ఎంత బాగా పట్టుకున్నారండీ! ఆ సామెత చిన్నప్పటినుంచి వింటున్నా వాతని చారగా ఎప్పుడూ చూడలేదు. దీన్ని వ్యాసంలో తప్పకుండా పెడతాను.

విజయనగరం:

మా జిల్లా నుంచి ఒక ముచ్చట. బొబ్బిలి పేరు ఎలా వచ్చిందో చాలామందికి తెలుసు. సంస్థానం స్థాపించినాయన తనని ఆదరించిన షేర్ మహమ్మద్ ఖాన్ పేరు మీద కోటకి ‘పెబ్బులి’ అని పేరు పెట్టాడని, అది బెబ్బులి అయి, బొబ్బిలి అయిందని చెప్తారు. ఇక్కడ ఒక సంగతి ఉంది. పారసీలో షేర్ అంటే సింహం. పులికి వాళ్ళ మాట బబర్. ఉత్తరాదిలో షేర్ అనే మాట పులికి కూడా వాడుకలోకి వచ్చింది. మన దగ్గరకొచ్చేసరికి పూర్తిగా పెద్దపులి అయిపోయింది. తాండ్ర పాపారాయుడిని బొబ్బిలి పులి అంటాం. 1757 యుద్ధం కథ చెప్పే బుర్రకథలో పులి లేకుండా ఊహించగలమా? అసలు పేరులో ఉన్నది సింహం.

సీతమ్మధార:

ఇది బంగారంలాంటి ఉదాహరణ సార్. దీన్ని పట్టుకుని ఇంకో మాట. తెలుగులో సింహానికి సొంత మాట లేదు. సింహం సంస్కృతం, సింగం దాని తద్భవం. పులి మాత్రం మనదే. తమిళంలో పులి, కన్నడంలో హులి, మలయాళంలో పులి. చూసిన జంతువుకి సొంత పేరుంది, విన్న జంతువుకి అరువు పేరుంది. మనం రోజూ చూసే కొండ సింహాచలం, మొక్కుకునేది నరసింహస్వామికి, ఉత్తరాంధ్ర ఇళ్ళలో సింహాచలం అనే పేరున్న మనిషి లేని ఊరుండదు. ఇంత దగ్గరైన మాటలో ఉన్న జంతువు ఇప్పుడు మన దేశంలో గుజరాత్‌లో, ముఖ్యంగా గిర్ చుట్టుపక్కల తప్ప స్వేచ్ఛగా ఎక్కడా లేదు.

సంస్కృతంలోనూ ఈ కలగాపులగం ఉంది. అమరకోశం ‘శార్దూల ద్వీపినౌ వ్యాఘ్రే’ అని మూడు మాటల్నీ ఒకే చోట కట్టేసింది. ద్వీపి అంటే దీవులున్నది. ఒంటి మీద మచ్చలు దీవుల్లా కనిపించాయన్నమాట. ఆ లెక్కన అది చిరుత కావాలి. కోశంలో మాత్రం వ్యాఘ్రానికి పర్యాయపదం. నిఘంటువు రాసినాయనకి పద్యంలో పేర్లు ఇమడ్చడం ముఖ్యం, అడవిలో నడిచేవాడికి చారా మచ్చా ముఖ్యం.

అక్కయ్యపాలెం:

అక్కా, మాది బరంపురం వైపు కుటుంబం. ఇంట్లో ఒడియా, బయట తెలుగు. ఒడియాలో పెద్దపులిని ‘మహాబళ బాఘ’ అంటారు. చిరుతని ‘కలరాపతరియా బాఘ’ అంటారు. కలరా అంటే కాకరకాయ. కాకర ఆకు పులి అన్నమాట. కాకర ఆకు అంచులు ఎలా ఉంటాయో చూస్తే చిరుత మచ్చ వెంటనే గుర్తొస్తుంది. ద్వీపి చూసి ఇది రాయాలనిపించింది.

సీతమ్మధార:

చెల్లీ, నీకు చాలా థాంక్స్. మచ్చల్ని సంస్కృతం దీవులంది, ఒడియా కాకరాకు అంది. హిందీలో ఉత్తరాఖండ్ వైపు చిరుతని ‘గుల్దార్’ అంటారు, పువ్వులున్నది అని. మూడు భాషలూ మచ్చల దగ్గరే ఆగి పేరు పెట్టాయి. మనం సైజు చూశాం. ‘చిరుత’ అంటే చిన్నది. చిరుతప్రాయం అంటాం కదా, ఆ చిరుత. తమిళంలో ‘సిరుత్తై’ కూడా అలాంటిదే. పెద్దపులి, చిరుతపులి. పెద్దదీ చిన్నదీ.

మన పేర్ల జతలో ఒక ప్రమాదం ఉంది. సైజుని బట్టి పేరు పెట్టాం గనక, సైజు తప్పుగా అనిపిస్తే జంతువే మారిపోతుంది. సంధ్య వేళ, దూరంగా, పక్కన పోల్చుకోవడానికి చెట్టూ మనిషీ లేనప్పుడు, సైజు అంచనా వెయ్యడం ఎవరికైనా కష్టం. జంగుపిల్లి చిరుత అవుతుంది, చిరుత పెద్దపులి అవుతుంది. కోరింగ మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది. నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి. మచ్చలుంటాయి, ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది. చిరుతపిల్ల అనుకోవడానికి ఏం కావాలి?

బెంగళూరు (సొంతూరు భీమిలి):

ఇక్కడి సంగతి. కన్నడంలో పెద్దపులిని ‘హెబ్బులి’ అంటారు. మన బెబ్బులికి తోబుట్టువు. ‘పెర్’ అంటే పెద్ద. పకారం హకారమవడం కన్నడంలో మామూలే. కొండచిలువ వాళ్ళకి హెబ్బావు, అంటే పెద్ద పాము. బెబ్బులి, పెద్దపులి మన దగ్గర రెండూ ఒకే మాటకి పాత రూపం, కొత్త రూపం అనిపిస్తుంది.

ఆఫీసులో మలయాళీ మిత్రుడితో ఒకసారి పెద్ద గందరగోళమైంది. వాళ్ళ ఊళ్ళో పులి వచ్చిందన్నాడు, నేను కంగారుపడ్డాను. మలయాళంలో ఇప్పుడు పులి అంటే చిరుత. చారలదాన్ని ‘కడువ’ అంటారు. ఒకే ద్రావిడ మాట, పక్క రాష్ట్రంలో వేరే జంతువు!

పొగయన్ గురించి కొంచెం చెప్పండి మేడమ్. పేరులో పొగ ఉన్నట్టుంది.

సీతమ్మధార:

ఉంది. తమిళ, మలయాళ ప్రాంతాల మధ్య ఎత్తైన గడ్డి కొండల మీద బూడిద రంగు పులిజాతి జంతువుని చూశామని అక్కడివాళ్ళు చెప్తారు. వన్యప్రాణుల ఫొటోలు తీసే సందేశ్ కడూర్ దాని గురించి మాట్లాడాక బయటివాళ్ళకి తెలిసింది. పొగలా వచ్చి పొగలా పోతుందని ఆ పేరు. మనకి అనువాదం అక్కర్లేదు, చెవికి అందేస్తుంది. చిరుతలోనే అరుదైన రంగు కావచ్చని ఒక ఊహ ఉంది. తోలు గానీ వెంట్రుక గానీ చేతికి వస్తేనే తేలుతుంది. ఆ పేరు పెట్టినవాళ్ళు జంతువు ఏమిటో చెప్పలేదు, ఎలా కనిపించి ఎలా మాయమైందో చెప్పారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

ఆరిలోవ (డిగ్రీ విద్యార్థి):

మేడమ్, చీతా, చిరుత ఒకటేనా? మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి విదేశం నుంచి తెచ్చినప్పుడు కొందరు చిరుతలు అని రాశారు, కొందరు చీతాలు అన్నారు. శివంగి అంటే కూడా చీతానే అని ఎవరో చెప్పారు. నాకు తెలిసి శివంగి అంటే ఆడసింహం.

సీతమ్మధార:

బాబూ, ఇవి పూర్తిగా వేరు జంతువులు. చిరుత మచ్చలు పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి, చెట్టెక్కుతుంది, రాత్రి తిరుగుతుంది. చీతా మచ్చలు నిండు చుక్కలు, కంటి దగ్గర నుంచి నోటి వరకు కన్నీటి చారలాంటి నల్లగీత ఉంటుంది, పగలు పరిగెత్తి వేటాడుతుంది. మన దేశంలో చివరి చీతాల్ని 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానంలో కాల్చారు. 1952లో అంతరించిపోయిందని ప్రకటించారు. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి తెచ్చి కునోలో వదిలారు. జంతువు లేని ఆ డెబ్బై ఏళ్ళలో దాని పేరు కూడా జనం నోట్లోంచి జారిపోయింది. ఖాళీలోకి ‘చిరుత’ వచ్చి కూర్చుంది. కాబట్టి చీతా అనే రాయండి.

శివంగి సంగతి. ఇవాళ మన మాటల్లో అది ఆడసింహమే, ధైర్యమున్న ఆడపిల్లని పొగడడానికి వాడతాం. తమిళంలో ‘సివింగిప్పులి’ అంటే మాత్రం కచ్చితంగా చీతా. పాత తెలుగు నిఘంటువులు చూసి పాత అర్థం ఏమిటో ఎవరైనా ఇక్కడ పెడితే బాగుంటుంది.

నువ్వు విశాఖవాడివి గనక ఇంకోటి తెలుసుకో. రాజులు చీతాల్ని పెంచి జింకల వేటకి తీసుకెళ్ళేవారు. 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ అనే ఇంగ్లీషు అధికారి, విజయనగరం రాజావారి పెంపుడు చీతా మీదపడి గాయపరిచాక చనిపోయాడు. మన దేశంలో చీతా వల్ల మనిషి పోయిన దాఖలా అదొక్కటే అని చీతాల చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. అంత పేరున్న జంతువుకి మన ఊళ్ళో ఇవాళ పేరు ఖాయంగా లేదు. నాకు చాలా బాధగా ఉంటుంది.

ద్వారకానగర్:

మేడమ్ గారూ, ఇంత శ్రమ దేనికి? బాడ్మిన్ మృగం, ఓంజా అన్నీ పుకార్లే కదా. ‘పుకారు పులులు’ అనేస్తే సరిపోతుంది.

సీతమ్మధార:

సరిపోదండీ. ఆ మాట చూసినవాళ్ళని చులకన చేస్తుంది. నిజంగా ఏం జరిగిందో చూద్దాం.

బాడ్మిన్ సంగతి. 1995లో బ్రిటన్ వ్యవసాయ శాఖ విచారణ చేసి, అక్కడ పెద్ద జంతువు ఉందనడానికి రుజువు దొరకలేదని చెప్పింది. లేదనడానికి కూడా రుజువు లేదని అదే నివేదికలో రాసింది. కొద్దిరోజులకే ఫోవీ నదిలో ఒక అబ్బాయికి చిరుత పుర్రె దొరికింది. అందరూ గెలిచామనుకున్నారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంవాళ్ళు పరీక్షిస్తే, పుర్రెలో ఉష్ణదేశాల బొద్దింక గుడ్ల తిత్తి కనిపించింది. తలతో సహా ఉన్న చిరుత తోలు తివాచీ నుంచి వచ్చిన పుర్రె అని తేల్చారు. అది ఎక్కడో వేడి దేశంలో చచ్చిన చిరుత. చూశారా, ఒక బొద్దింక ఎంత సాక్ష్యం చెప్పిందో.

దీన్ని బట్టి అన్నీ అబద్ధాలే అనడానికి లేదు. 1980లో స్కాట్లండ్‌లోని కానిక్ దగ్గర ఒక రైతు పెట్టిన బోనులో నిజమైన ప్యూమా (అమెరికా ఖండాల్లో ఉండే, మచ్చలు లేని పులిజాతి జంతువు) పడింది. ఎవరో పెంచినదని దాని తీరు చూస్తేనే తెలిసింది. దానికి ఫెలిసిటీ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇన్వర్‌నెస్ మ్యూజియంలో దాని బొమ్మ ఉంది, సొంత తోలుతోనే. 1976లో ప్రమాదకర జంతువుల్ని పెంచాలంటే లైసెన్సు తప్పనిసరి చేస్తూ బ్రిటన్ చట్టం తెచ్చింది. అప్పుడు కొందరు తమ చిరుతల్నీ ప్యూమాల్నీ రహస్యంగా వదిలేశారని చాలామంది నమ్ముతారు.

అదే స్కాట్లండ్‌లో ‘కాట్ షీ’ అనే నల్ల పిల్లి కథలున్నాయి. గుండె మీద తెల్లమచ్చ ఉన్న పెద్ద నల్ల పిల్లి, జానపదుల భయం. 1984లో కెల్లాస్ అనే ఊరి దగ్గర ఒక పెద్ద నల్ల అడవిపిల్లి కళేబరం దొరికింది. అడవిపిల్లికీ ఇంటి పిల్లికీ పుట్టిన సంకరమని తేలింది. కథకి వెనక ఒక జంతువు ఉండి ఉండొచ్చని చాలామంది అనుకున్నారు. మరోవైపు మెక్సికో ఓంజా. 1986లో దాన్ని కాల్చారు, పరీక్షించారు, మామూలు ప్యూమా అని తేలింది. 2012లో ఇంగ్లండ్ ఎసెక్స్‌లో సింహం కనిపించిందని పోలీసులు హెలికాప్టర్లతో వెతికారు. అది బహుశా ఒక బొచ్చు పిల్లి.

ఒక చోట పిల్లి, ఒక చోట తప్పించుకున్న ప్యూమా, ఒక చోట తివాచీ, ఒక చోట కొత్త రంగు. వీటన్నిటికీ ‘పుకారు’ అని ఒకే ముద్ర ఎలా వేస్తాం?

మన దగ్గరే చూడండి. 2022 మే, జూన్ నెలల్లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల పులి తిరుగుతోందని రైతులు చెప్పారు. కెమెరాకి చిక్కింది, పెద్దపులే అని తేలింది. ఆ తర్వాత అనకాపల్లి జిల్లా వైపు వచ్చింది. మొదటి రోజు ఆ రైతు మాటని పుకారన్న మనిషి ఇప్పుడేం చెప్తాడు?

పాడేరు (ఉపాధ్యాయుడు):

మేడమ్ చెప్పింది సబబు. ఒక సవరణ మాత్రం. ‘మాయపులి’ అనే మాటకి కూడా చోటుంది, పూర్తిగా కొట్టెయ్యకండి. కొందరు మనుషులు పులిగా మారి శత్రువుని చంపగలరని కొండల్లో ఉండే కోందు గిరిజనుల్లో నమ్మకం ఉందని పాతకాలపు ఇంగ్లీషు అధికారులు రాసి పెట్టారు. అక్కడ పులి రూపంలో ఉన్నది మనిషి. మీరు చెప్పిన మాయలేడి లెక్కకి అది అతికినట్టు సరిపోతుంది.

ఇంకో సంగతి. రాత్రిపూట పాము అనకుండా పురుగు అంటాం కదా. మా మామ్మ అడవి దారిలో పులి పేరు కూడా ఎత్తనిచ్చేది కాదు, ‘అది’ అనమనేది. పేరెత్తితే వస్తుందని. అలా పేరు దాచినప్పుడు, విన్నవాళ్ళకి ఏ జంతువో ఎలా తెలుస్తుంది? ఊరు దాటేసరికి ‘అది’ కాస్తా ఎవరికి తోచిన రూపం వాళ్ళకి వచ్చేస్తుంది.

సీతమ్మధార:

మాస్టారూ, చాలా మంచి మాట. మాయపులిని మనిషి పులిగా మారే కథలకే ఉంచుతాను. పేరు దాచడం గురించి మీరన్నది నేను అస్సలు ఆలోచించలేదు, అది వ్యాసంలో వేరే పేరాగా రావాలి.

మిగతావాటికి నా మాట ఇది: ‘జాడ తేలని పులి’. జాడ అంటే అడుగు గుర్తూ అవుతుంది, ఆచూకీ కూడా అవుతుంది. ‘పులి జాడ దొరికింది’ అనేది అటవీశాఖ వాళ్ళ నోట రోజూ వినే మాట. తేలడం అంటే నిర్ధారణ. జంతువు ఉందనీ అనడం లేదు, లేదనీ అనడం లేదు. ఏదో ఒకరోజు తేలవచ్చు అనే ఆశ కూడా అందులో ఉంది.

మధురవాడ:

బాగుంది మేడమ్. జాడ గురించి ఒక మాట పిల్లలకి చెప్పండి. పులి, చిరుత, పిల్లి నడిస్తే గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, అడుగులో గోరు గుర్తు పడదు. కుక్క, దుమ్ములగొండి అయితే పడుతుంది. మా దగ్గర చూసిన అడుగుల్లో గోళ్ళు స్పష్టంగా ఉంటే సగం భయం అక్కడే పోతుంది. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలో పెన్నో పెట్టమనండి.

సీతమ్మధార:

పెడతాను. చీతా గోళ్ళు పూర్తిగా ముడుచుకోవు, దాని అడుగులో గోరు పడుతుంది, అది కూడా చేరుస్తాను.

మొదటి పేరా ఇలా రాశాను, సరిచూడండి:

“పులి అనే మాట విన్నప్పుడు ముందు ఒక ప్రశ్న అడగండి. చారలా, మచ్చలా, ఒకటే రంగా? చారలుంటే పెద్దపులి. పువ్వుల్లాంటి మచ్చలుంటే చిరుత. నిండు చుక్కలుంటే చీతా. ఒళ్ళంతా నలుపైతే ఎండలో మచ్చలు కనిపిస్తాయేమో చూశారా అని అడగండి. చూసినవాళ్ళు చెప్పలేకపోతే వాళ్ళని నవ్వకండి. అది జాడ తేలని పులి. దాని జాడ తేల్చడానికి ఏమేం చేస్తారో ఈ వ్యాసంలో చదువుదాం.”

పాడేరు (ఉపాధ్యాయుడు):

‘వాళ్ళని నవ్వకండి’ కాదు మేడమ్, ‘వాళ్ళని చూసి నవ్వకండి’. మిగతాదంతా మా పిల్లలకి అర్థమవుతుంది. ‘ఒకటే రంగా’ దగ్గర బూడిద రంగు అని కూడా చేర్చండి, పొగయన్ కథ తర్వాత వస్తుంది కదా.

సీతమ్మధార:

రెండూ మార్చాను మాస్టారూ. శివంగి పాత అర్థం ఎవరికైనా దొరికితే శుక్రవారం లోపు ఇక్కడ పెట్టండి, ఆ రోజు పత్రికకి పంపాలి.